కొత్త ఫస్ట్ ఆఫీసర్‌ని (కో-పైలట్‌ని): ఏటీఆర్‌తో హైదరాబాదా, ఏ320తో ఢిల్లీయా?

మాది అమలాపురం పక్కన. కంపెనీ వాళ్లు టైప్ రేటింగ్‌కి (ఒక్కో విమానం మోడల్‌కి విడిగా ఇచ్చే ట్రైనింగ్‌కి) పంపేముందు శుక్రవారం సాయంత్రానికల్లా ఆప్షన్ రాసివ్వమన్నారు: ఏటీఆర్ 72-600 (ప్రొపెల్లర్లుండే చిన్న టర్బోప్రాప్ విమానం) అయితే హైదరాబాద్ బేస్ (డ్యూటీ మొదలయ్యే ఊరు), ఏ320 (పెద్ద జెట్) అయితే ఢిల్లీ.

ఏటీఆర్ అంటే రాజమండ్రి లాంటి ఊళ్లకి పొట్టి సెక్టార్లు (టేకాఫ్ నుంచి ల్యాండింగ్ దాకా ఒక్కో ట్రిప్పు), ల్యాండింగులు బోలెడు. సెలవు దొరికితే గౌతమి ఎక్కి తెల్లారేసరికి రాజమండ్రిలో దిగి, రావులపాలెం మీదుగా బస్సులో ఇల్లు చేరొచ్చు (కోటిపల్లి రైలు లైను పూర్తయ్యేసరికి నేను రిటైరైపోతాను, అది వేరే సంగతి). ఢిల్లీ నుంచైతే స్టాఫ్ టికెట్ మీద సీటు ఖాళీ ఉంటేనే, పైగా మధురపూడిలో (రాజమండ్రి ఎయిర్‌పోర్ట్‌లో) దిగాక రోడ్డు ప్రయాణం మిగిలే ఉంటుంది.

సీనియర్లని అడిగితే ఒకాయన "టర్బోప్రాప్‌లో ఇరుక్కుపోతావ్ తమ్ముడూ" అంటారు, ఇంకొకాయన చెయ్యి తిరిగేది ఏటీఆర్ మీదే అంటారు. ఆఫీసులో పాత రోస్టర్ చూపించమంటే కుదరదన్నారు, అవసరాన్ని బట్టి బేస్ మారొచ్చని మాత్రం చెప్పారు. ఏటీపీఎల్‌కి (కెప్టెన్ కావడానికి కావాల్సిన లైసెన్స్‌కి) 1500 ఫ్లయింగ్ గంటలు కావాలి, పొట్టి సెక్టార్లతో అవి మెల్లగా పోగవుతాయేమోనని టెన్షన్.

ఏటీఆర్‌తో మొదలుపెట్టి ఏ320కి మారినవాళ్లుంటే చెప్పండి, ఆ మార్పుకి మీకు ఎంతకాలం పట్టింది?