సెస్నా 172తో మొదటి రోజులు: ముందు పుస్తకమా, విమానమా?

నరసన్నపేట_రెక్కలు

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట. స్టూడెంట్ పైలట్ లైసెన్స్ వచ్చింది, మహారాష్ట్రలో ఒక ఫ్లయింగ్ స్కూల్లో గ్రౌండ్ క్లాసులు కూడా అయిపోయాయి. పండక్కి ఇంటికొచ్చాను, తిరిగి వెళ్లగానే సెస్నా 172ఎస్ మీద ఫ్లయింగ్ మొదలు. మా దగ్గర గుండ్రటి డయల్స్ ఉన్నవి కొన్ని, జీ1000 తెరలు ఉన్నవి కొన్ని ఉన్నాయి, నాకు ముందు డయల్స్ ఉన్నదే ఇస్తారట.

ఆ విమానం పుస్తకం, అదే పీఓహెచ్, వందల పేజీలుంది. ఒక సీనియర్ స్పీడ్‌లన్నీ బట్టీ పట్టెయ్, మొదటి రోజే అడుగుతారు అంటాడు. ఇంకో అక్క పుస్తకం పక్కన పెట్టి కాక్‌పిట్‌లో కూర్చో, చేతికి అదే అలవాటవుతుంది అంటుంది. ఇద్దరూ బాగా ఎగరగలిగిన వాళ్లే, ఎవరి మాట వినాలో తెలియడం లేదు. ఇక్కడ మన చుట్టుపక్కల చిన్న విమానం ముట్టుకుని చూద్దామన్నా కుదరదు కదా, విశాఖలో రన్‌వే చూస్తే నేవీ వాళ్ల ఐఎన్‌ఎస్ డేగాది. ఇంటి దగ్గర ఉన్న ఈ కొద్ది రోజుల్లో ఏం చేస్తే అక్కడికి వెళ్లాక పనికొస్తుంది?

ఇంకోటి. నా ఎత్తు 5 అడుగుల 1 అంగుళం. హ్యాంగర్‌లో ఒకసారి కూర్చుని చూస్తే ఎదురుగా ప్యానెల్ తప్ప బయట సరిగ్గా కనబడలేదు. టెన్షన్ ఎక్కువ దాని గురించే. ఇంట్లో చెప్పలేదు, చెబితే నాన్నగారు నాకన్నా ఎక్కువ కంగారు పడతారు.

బొబ్బిలి_ఇన్‌స్ట్రక్టర్

చెల్లెమ్మా, ముందుగా ఎత్తు సంగతి. నీ ఎత్తు వాళ్లు, ఇంకా తక్కువ ఉన్నవాళ్లు ఈ విమానం మీద నేర్చుకుని ఎయిర్‌లైన్స్‌లో ఎగురుతున్నారు, దాని గురించి నిద్ర మానుకోవద్దు. 172ఎస్‌లో సీటు ముందుకీ వెనక్కీ జరగడమే కాదు, పైకీ కిందికీ కూడా కదులుతుంది. అది చాలకపోతే కుషన్ వేసుకో, స్కూల్లో ఎవరిదో దొరికింది కదా అని రోజుకొకటి వాడకుండా నీకంటూ ఒకటి కొనుక్కో. ఎందుకు ఇంతగా చెబుతున్నానంటే ల్యాండింగ్ అంతా కంటి మీద ఆధారపడిన పని. రన్‌వే ఆకారం, ముక్కు పైన ఎంత ఆకాశం కనబడుతోంది, ఇవి చూసే నువ్వు ఎంత ఎత్తులో ఉన్నావో మనసుకి తెలుస్తుంది. నిన్న ఒక ఎత్తులో కూర్చుని ఇవాళ రెండంగుళాలు కిందికి కూర్చుంటే నిన్న నేర్చుకున్న చూపు ఇవాళ పనికిరాదు. నా స్టూడెంట్లలో ఫ్లేర్, అంటే నేల తాకే ముందు ముక్కు కాస్త లేపడం, కుదరక బాధపడేవాళ్లని ముందు నేను సీటు గురించే అడుగుతాను.

సీటు సర్దుకున్నాక అది లాక్ అయిందో లేదో వెనక్కి గట్టిగా నెట్టి చూడు. చెక్‌లిస్టులో ఇది ఒక్క లైనే కానీ పాత సెస్నాల్లో టేకాఫ్ మధ్యలో సీటు పట్టాల మీద వెనక్కి జారిపోయి, పైలట్ ఆసరా కోసం యోక్, అంటే చేతి స్టీరింగ్, పట్టుకుని లాగేసి, ముక్కు నిలువుగా లేచిపోయి జరిగిన ప్రమాదాలున్నాయి. కుషన్ వీపు వెనక కూడా పెట్టుకునేట్టయితే రెండు కాళ్లతో రడ్డర్ పెడల్స్ చివరిదాకా తొక్కగలుగుతున్నావా అని చూసుకో.

ఇక బట్టీ సంగతి. అన్నీ అక్కర్లేదు, కానీ కొన్ని నిద్రలో లేపి అడిగినా రావాలి. 172ఎస్‌కి 55 నాట్స్ (విమానాల స్పీడ్ కొలత) దగ్గర ముక్కు లేపడం, 74 దగ్గర ఎక్కడం, ఇంజిన్ ఆగిపోతే 68 దగ్గర గ్లైడ్. ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున కిందికి దించే పలకలు) మొదటి 10 డిగ్రీలు 110 లోపు, ఆ పైన 85 లోపు. ఫ్లాప్స్ పూర్తిగా దించి స్టాల్, అంటే రెక్కలు విమానాన్ని మోయలేకపోయే స్పీడ్, 40, అసలు దించకపోతే 48. ఎట్టి పరిస్థితిలోనూ దాటకూడనిది 163. ఇవి చాలు మొదలుపెట్టడానికి. మిగతావి పుస్తకంలో ఏ సెక్షన్లో ఉంటాయో వెతుక్కోగలిగితే చాలు, నేనైతే అదే అడుగుతాను.

స్టాల్ స్పీడ్ ఒక్కటి మాత్రం అంకెగా నేర్చుకుని వదిలేయకు. ఆ 48 అనేది పూర్తి బరువుతో, రెక్కలు సమంగా ఉన్నప్పటి మాట. 45 డిగ్రీలు వంచితే అది దాదాపు 19 శాతం పెరుగుతుంది, 60 డిగ్రీలు వంచితే 41 శాతం. అంటే 48 కాస్తా 68 అయిపోతుంది. రన్‌వేకి తిరిగే చివరి మలుపులో కొత్తవాళ్లు రన్‌వే లైన్ దాటిపోయామని ఇంకా వంచి ఇంకా లాగేస్తారు చూడు, ప్రాణాలు పోయేది అక్కడ. లైన్ దాటిపోతే దాటనీ, గో అరౌండ్ చేసి, అంటే దిగకుండా పవర్ ఇచ్చి పైకి లేచి, మళ్లీ రా. అందుకు నిన్ను ఏ ఇన్‌స్ట్రక్టరూ తిట్టడు, తిడితే వాళ్లని మార్చమని అడుగు.

రాజాం_మాస్టారు

అమ్మా, నేను పైలట్‌ని కాదు. ఎయిర్‌ఫోర్స్‌లో టెక్నీషియన్‌గా రిటైరై, తర్వాత ఒక ఫ్లయింగ్ స్కూల్లో మెయింటెనెన్స్ చూశాను. మన జిల్లాల నుంచి ఎగిరేవాళ్లు వస్తున్నారంటే సంతోషంగా ఉంది, అందుకే నాకు తెలిసినంత రాస్తున్నాను, కొంచెం పెద్దదైనా చదువు.

విమానం చుట్టూ తిరిగి చూసే పని ఉంటుంది కదా, వాక్ అరౌండ్, అది పిల్లలు చెక్‌లిస్టు చేత్తో పట్టుకుని గబగబా ముగించేస్తారు. నీకు విమానంతో అసలు పరిచయం అయ్యేది అక్కడే తల్లీ. ప్రొపెల్లర్ అంచు మీద వేలు పెట్టి నెమ్మదిగా రాసి చూడు, చిన్న రాయి తగిలి నొక్కు పడితే కంటికన్నా ముందు వేలికి తెలుస్తుంది. ఆ నొక్కు దగ్గరే పగులు మొదలవుతుంది. కానీ ప్రొపెల్లర్‌ని ఎప్పుడూ చేత్తో తిప్పకు, తిరిగే దారిలో నిలబడకు. ఇంజిన్‌కి స్పార్క్ ఇచ్చే మాగ్నెటోలకి బ్యాటరీతో పని లేదు, మాస్టర్ స్విచ్ ఆపేసినా వాటి స్పార్క్ వాటిదే. ఆ స్పార్క్‌ని ఆపడానికి స్విచ్ నుంచి వెళ్లే గ్రౌండ్ వైరు తెగి ఉంటే తాళం చెవి నీ జేబులో ఉన్నా ఇంజిన్ ఒక్కసారి తిరగవచ్చు, చెయ్యి పోవడానికి ఆ ఒక్కసారి చాలు.

ఇంధనం. అవ్‌గ్యాస్ 100ఎల్‌ఎల్ లేత నీలంగా ఉంటుంది. 172ఎస్‌లో డ్రెయిన్ చేసే (కొంచెం ఇంధనం కప్పులోకి తీసి చూసే) చోట్లు మొత్తం 13, ఒక్కో రెక్క కింద ఐదు, పొట్ట కింద మూడు. వాన పడిన మర్నాడు అన్నీ తీసి చూడాలి. నీళ్లు బరువు కాబట్టి కప్పు అడుగున చేరి మధ్యలో గీత కనబడుతుంది, ఇది అందరికీ చెబుతారు. కప్పు నిండా నీళ్లే వస్తే గీతే ఉండదు, శుభ్రంగా కనబడుతుంది, బాగుంది అనుకుని పారబోసి వెళ్లిపోతారు. అందుకే తెల్ల కాగితం గానీ తెల్ల గోడ గానీ వెనక ఉంచి నీలం రంగు ఉందా అని చూడు, వాసన చూడు. ఇంకా, మీటర్లు చూపించే లెక్క నమ్మకు, రెక్క మీదికి ఎక్కి కొలబద్దతో ట్యాంకు కొలువు. నీ ఎత్తుకి నిచ్చెన కావాలి, అడిగి తెప్పించుకో, మొహమాటపడకు. మూత బిగించింది నువ్వే అయితే మనసుకి నిశ్చింత, సరిగ్గా పడని మూత లోంచి గాలి ఇంధనాన్ని పీల్చేస్తుంది.

స్పీడ్ కొలిచే పిటో గొట్టం కన్నంలోకి చూడు. మూడు నాలుగు రోజులు కవర్ లేకుండా నిలిపితే కందిరీగ మట్టి పెట్టేస్తుంది, మన ఇంట్లో స్విచ్ బోర్డు కన్నాల్లో పెట్టినట్టే. అలాంటప్పుడు ఇంజిన్ బాగానే లాగుతుంది, విమానం పరిగెడుతుంది, స్పీడ్ ముల్లు మాత్రం కదలదు. రన్‌వే మీద ఉండగానే గమనించి పవర్ తీసేయాలి.

ఆయిల్ 8 క్వార్ట్‌లు పడుతుంది, 5 కన్నా తక్కువ ఉంటే ఎగరకూడదు. అలాగని 8 నిండా పోస్తే పైది బ్రీదర్ గొట్టం లోంచి పొట్టంతా కక్కేస్తుంది. కాబట్టి నువ్వు ఎగరబోయే ఆ ఒక్క విమానం ఎంత తాగుతుంది, కిందటిసారి ఎప్పుడు పోశారు అన్నది టెక్ లాగ్‌లో, అదే ఆ విమానం రికార్డు పుస్తకంలో, చూడు. నేను ముఖ్యంగా చెప్పదలచింది ఇదే. పుస్తకంలో ఉండేది 172ఎస్ అనే మోడల్ సంగతి, నీ ముందు నిలబడ్డ విమానానికి సొంత చరిత్ర ఉంటుంది. ఎవరో ముక్కు చక్రం మీద దించి ఉంటారు, బ్రేకు ఒక పక్కకి లాగుతుంటుంది, ఒక రేడియో వేడెక్కితే గరగరమంటుంది. ఖాళీ బరువు కూడా ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది, దాని వెయిట్ రిపోర్ట్ దానికే. మెకానిక్‌ల దగ్గరికి వెళ్లి దీని సంగతేంటి మాస్టారూ అని అడుగు, టీ తాగుతూ అరగంట చెబుతారు. అడిగే పిల్లలంటే మాకు ప్రాణం.

చీపురుపల్లి_కుర్రాడు

నేను ఈ మధ్యే సీపీఎల్, అంటే కమర్షియల్ పైలట్ లైసెన్స్, పూర్తి చేశాను, నీ పరిస్థితి నాకు బాగా గుర్తుంది. పైన ఇద్దరూ చెప్పింది నూటికి నూరు నిజం, అయితే బొబ్బిలి అన్న చెప్పిన అంకెలకి ఇంకో రకం అంకెలు కలపాలని నా అభిప్రాయం. ఎంత ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) పెట్టి ముక్కు ఎక్కడ ఉంచితే ఎంత స్పీడ్ వస్తుంది అన్నది. మా దగ్గర డౌన్‌విండ్‌లో (దిగే దిక్కుకి వ్యతిరేకంగా రన్‌వే పక్కగా ఎగిరే భాగం) 2100 దగ్గర పెట్టి ముక్కు సమంగా ఉంచితే 90 చుట్టూ ఉండేది, రన్‌వే మొదలుకి సరిగ్గా పక్కకి రాగానే 1500కి తగ్గించి 10 డిగ్రీల ఫ్లాప్స్, బేస్‌లో (రన్‌వే వైపు తిరిగే అడ్డ భాగం) 20, ఫైనల్‌లో (రన్‌వేకి నేరుగా వచ్చే భాగం) 30 వేసి 65 పట్టుకోవడం. నీ స్కూల్లో కాస్త తేడా ఉండొచ్చు, ఉంటే వాళ్లదే పాటించు. ఇవి తెలిస్తే స్పీడ్ ముల్లు వెంట కళ్లు పరిగెత్తవు, బయట చూడటానికి తీరిక దొరుకుతుంది.

ఇంటి దగ్గర చేయాల్సింది ఇదే. కాక్‌పిట్ ఫోటో నిజం సైజులో ప్రింట్ తీయించి గోడకి అంటించు, ముందు కుర్చీ వేసుకుని చెక్‌లిస్టు పైకి చదువుతూ చెయ్యి నిజంగా ఆ స్విచ్ దాకా తీసుకెళ్లు. మాగ్నెటో చెక్ 1800 ఆర్‌పీఎం దగ్గర, ఒకటి ఆపితే 150 కన్నా ఎక్కువ పడిపోకూడదు, రెండింటికీ తేడా 50 దాటకూడదు, ఇది నోటితో చెబుతూ చెయ్యి. రేడియో మాటలు కూడా గట్టిగా చెప్పు. తర్వాత మేడ మీదికి వెళ్లి సుద్దముక్కతో రన్‌వే గీసి సర్క్యూట్, అంటే టేకాఫ్ నుంచి ల్యాండింగ్ దాకా రన్‌వే చుట్టూ తిరిగే దారి, అంతా నడువు, ఏ మూల దగ్గర ఏం చేయాలో ఆగి చెప్పుకుంటూ. మా ఇంటి మేడ మీద నేను అలా తిరుగుతుంటే పక్కింటి పిన్ని గారు కొన్నాళ్లకి డౌన్‌విండ్ అయిపోయిందా బాబూ అని అడగడం మొదలుపెట్టారు. నిజం విమానం ఎక్కాక నా చెయ్యి వెతుక్కోలేదు, మనసు ఎగరడం మీద పెట్టగలిగాను.

ఒక అలవాటు మాత్రం ఇప్పుడే మానుకో. నేల మీద యోక్ తిప్పితే విమానం తిరగదు, పాదాలే తిప్పాలి. స్కూటీ, కారు నడిపిన చేతులకి ఇది ఎక్కదు. టేకాఫ్‌లో పూర్తి పవర్ ఇవ్వగానే ముక్కు ఎడమకి పోతుంది, కుడి కాలు తొక్కాలి, ఎక్కుతున్నంతసేపూ కొంచెం తొక్కుతూనే ఉండాలి. కుర్చీలో ప్రాక్టీస్ చేసేటప్పుడు కూడా కుడి పాదం కదపడం అలవాటు చేసుకో.

ఇంకా మహారాష్ట్ర అన్నావు కాబట్టి వేసవి సంగతి. మన దగ్గర సముద్రపు గాలి ఉంటుంది, అక్కడి మే నెల వేరు. ఉదాహరణకి ఎయిర్‌ఫీల్డ్ 1000 అడుగుల ఎత్తులో ఉందనుకో, స్టాండర్డ్ లెక్కన అక్కడ 13 డిగ్రీలుండాలి. మధ్యాహ్నం 42 ఉంటే 29 డిగ్రీలు ఎక్కువ, ఒక్కో డిగ్రీకి సుమారు 120 అడుగులు కలుపుకుంటే విమానానికి అది దాదాపు 4500 అడుగుల మీద ఉన్నట్టే. స్పీడ్ ముల్లు మీద అదే 55 దగ్గర లేస్తుంది, కానీ దానికి పట్టే రన్‌వే చాలా పెరుగుతుంది, ఎక్కడం నీరసంగా ఉంటుంది. పొద్దున్న ఎగిరిన విమానమే మధ్యాహ్నం పాడైపోయిందేమో అనిపిస్తుంది. పుస్తకంలో సెక్షన్ 5లో దీనికి పట్టికలున్నాయి, ఈ రెండు టెంపరేచర్లకీ లెక్క వేసి ఒక కాగితం మీద రాసుకుని వెళ్లు. బట్టీ పట్టడం కన్నా ఇది చాలా మేలు.

నరసన్నపేట_రెక్కలు

అన్నయ్యలకీ మాస్టారికీ చాలా చాలా థాంక్స్. గోడ మీద కాక్‌పిట్ రేపే అంటిస్తాను, ఫోటో స్టూడియోలో ఫ్లెక్సీ మీద వేసిస్తామన్నారు. మాస్టారూ, కప్పు నిండా నీళ్లు రావచ్చన్నది మాకు క్లాసులో ఎవరూ చెప్పలేదు, నోట్స్‌లో రాసుకున్నాను. ఒక్క సందేహం, కుషన్ మెత్తటిది కొనాలా, గట్టిదా? శ్రీకాకుళంలో పరుపుల షాపులో ఫోమ్ కోసి ఇస్తారు.

బొబ్బిలి_ఇన్‌స్ట్రక్టర్

గట్టిదే తీసుకో. మెత్తటి ఫోమ్ కూర్చున్న కొద్దీ అణిగిపోయి గంట తర్వాత ల్యాండింగ్‌కి వచ్చేసరికి నీ కన్ను కిందికి దిగిపోతుంది. గాలి కుదుపుల్లో బెల్టు కూడా వదులవుతుంది. ఒకేసారి మందంగా కోయించకు, అంగుళం మందం ముక్కలు రెండు మూడు కోయించి, జారని గుడ్డతో సంచి కుట్టించుకో. అక్కడికి వెళ్లాక సీటు పూర్తిగా పైకి లేపి కూర్చుని, ఇన్‌స్ట్రక్టర్‌ని పక్కన ఉంచుకుని ప్యానెల్ పైనుంచి ముక్కు ముందు నేల కనబడేదాకా ఒక్కో ముక్కా కలుపు. సరిపోయాక సంచి మూసి కుట్టేయించు, మళ్లీ మార్చకు. వెళ్లాక ఎలా ఉందో ఇక్కడ రాయి.