ఉప్పుగాలి ఊళ్లో ఒపినెల్ నంబర్ 8: కొనొచ్చా, దండగా?

పలాస కుర్రోడు
అందరికీ నమస్కారం. మాది కాశీబుగ్గ. ఒక మడత చాకు మీద మనసు పడి రెండు వారాలుగా తేల్చుకోలేకపోతున్నాను. ఫ్రాన్సువాళ్ల ఒపినెల్ నంబర్ 8. అలుగు, అంటే కోసే రేకు, 8.5 సెంటీమీటర్లు, బీచ్ కర్ర పిడి, బరువు 50 గ్రాముల లోపే. కార్బన్ స్టీలుదీ ఉంది, స్టెయిన్‌లెస్‌దీ ఉంది. ఆన్‌లైన్‌లో నాకు రెండు వేలకు కాస్త తక్కువ చూపిస్తోంది. తోటలో చిల్లర పనులకి, పళ్లు కోసుకోడానికి. మా బావేమో "సంతలో వంద రూపాయలకి చాకు దొరుకుతుంటే రెండు వేలు పోసి కర్రముక్క కొంటావేటి?" అని ఒకటే నవ్వు. కొనొచ్చా? కొంటే ఏ రకం?

నాగావళి గట్టు
మీ బావే రైటు. మన తోటల్లో మడత చాకుతో అయ్యే పనేది తమ్ముడూ? బొండాం కొట్టలేవు, పనసకాయ చీల్చలేవు, జీడి కొమ్మ నరకలేవు. అన్నిటికీ కత్తి ఉండనే ఉంది. ఇక మిగిలింది జామకాయ. దానికి పళ్లున్నాయి. పైగా రెండు వేల చాకు ఎక్కడ పోతుందోనని నువ్వు దానికి కాపలా కాస్తావు.

విజినారం కోట వీధి
ఆరేళ్లుగా నా జేబులో ఉన్నది నంబర్ 8 స్టెయిన్‌లెస్సే, కాబట్టి నేను మాట్లాడొచ్చు. గోనెసంచి పురికొస, ఎరువు బస్తా మూతి, డ్రిప్ పైపు, మామిడిపండు, ఆకు తొడిమ... రోజుకి పదిసార్లు తీస్తాను. వీటికి కత్తి పట్టుకుని తిరగం కదా. దీని అలుగు పలచన, అందుకే పండులో ఇట్టే దిగిపోతుంది. ఆ పలచనే దాని బలహీనత కూడా. డబ్బా మూత ఎత్తడానికి మొన దూర్చి పైకి లేపితే విరుగుతుంది, అప్పుడు దాన్ని తిట్టి లాభం లేదు.

అసలు డబ్బు పెట్టాల్సింది దాని పిడి మెడ దగ్గర తిరిగే ఉంగరానికి, అదే దాని లాక్. 1890లో ఫ్రాన్సులోని సవోయి కొండప్రాంతంలో మొదలైన చాకు ఇది, రైతులూ కూలీలూ వాడుకున్నది. 1897లో 1 నుంచి 12 దాకా సైజులు పెట్టారు, 8 అంటే ఆ వరసలో నంబరే. ఆ స్టీలు ఉంగరం 1955లో వచ్చింది. చాకు తెరిచి ఉంగరం తిప్పితే అలుగు వెనక్కి మడవదు. 2000 నుంచి మూసినప్పుడు కూడా బిగించుకోవచ్చు, జేబులో తెరుచుకోదు. నేను అంతకుముందు ఒక చవక చాకు వాడాను, పేరు అనవసరం. పైపు కోస్తుంటే లాక్ జారి నా చూపుడువేలు మీదే మూసుకుంది. మూడు కుట్లు. ఆ వంద రూపాయల లెక్కలో ఆ కుట్ల ఖర్చు కూడా కలపమనండి మీ బావని.

కొలిమి పక్కిల్లు
లాక్ సంగతి ఒప్పుకుంటాను. స్టెయిన్‌లెస్ మాత్రం ఒప్పుకోను. పదును రుచి తెలియాలంటే కార్బనే. సానరాయి మీద నాలుగుసార్లు లాగితే వెంట్రుక తెగుతుంది. మా పక్కింట్లో కమ్మరి కొలిమి. లారీ కమాను పట్టీ కాల్చి కొట్టిన చాకులు చూస్తూ పెరిగాను, అవీ కార్బన్ స్టీలే. తుప్పంటే అంత భయం దేనికి? మన అమ్మమ్మల కత్తిపీట ఇనుపదే కదా. పచ్చిమామిడి కోస్తే ముక్క నల్లబడేది, అలుగూ నల్లబడేది. ఆ నలుపు ఒక పూతలా పట్టి ఎర్ర తుప్పుని కాస్త ఆపుతుంది. కోశాక తుడిచి, ఒక్క చుక్క కొబ్బరినూనె రాస్తే చాలు. కొబ్బరి ఊళ్లో ఉండి నూనెకి కరువా?

ఇచ్ఛాపురం అక్క
కత్తిపీట పేరెత్తారు కాబట్టి అడుగుతున్నాను. దాన్ని చింతపండూ బూడిదా వేసి తోమి, తుడిచి, గోడకి ఆనించింది ఎవరు బాబూ? మీరా? రోజూ ఒక మనిషి వెనకాల ఉండబట్టి అది యాభై ఏళ్లు నడిచింది. ఈ తమ్ముడి చాకు వెనకాల ఎవరున్నారు?

ఇంకో తేడా చెప్తాను. కత్తిపీట మొత్తం బయటికి కనిపిస్తుంది, తుడిస్తే అయిపోతుంది. మడత చాకుకి పిడిలో గాడి ఉంటుంది. పండు రసం, ఇసుక, తడి అక్కడ చేరతాయి, వేలు పట్టదు. సముద్రం పక్కన ఉప్పుగాలికి తలుపు గెడలే తినేసినట్టు అయిపోతుంటే కార్బన్ చాకు ఏం ఆగుతుంది? స్టెయిన్‌లెస్ తీసుకో. అదీ తుప్పు పట్టదని కాదు, అశ్రద్ధని కొంచెం ఎక్కువ ఓర్చుకుంటుందంతే. చేపలు మాత్రం ఈ రెండు రకాల్లో దేనితోనూ కోయకు, ఆ జిగట గాడిలో దిగితే వాసన పోదు. కర్ర పిడిని నీళ్లలో నానబెట్టకు. కర్ర ఉబ్బితే అలుగు బిగుసుకుని రాదు.

విజినారం కోట వీధి
అక్క చెప్పింది నిజం, వానాకాలంలో బిగుతు తెలుస్తుంది. సవోయి వాళ్లకి దానికో కిటుకుంది. పిడి చివరని బల్లకేసి ఠక్కున కొడితే అలుగు కాస్త పైకి లేస్తుంది, అప్పుడు పట్టుకుని లాగొచ్చు.

నాగావళి గట్టు
బాగుంది, చాకు తీయడానికి బల్ల కూడా మోసుకెళ్లాలన్నమాట. సరే, బస్టాండులో పోలీసులు జేబు చూస్తే?

కోర్టు మెట్లు
ఆయుధాల చట్టం 1959 కింద ఆయుధంగా లెక్కించే చాకుల కొలత 9 అంగుళాల కంటే పొడవు, లేదా 2 అంగుళాల కంటే వెడల్పు ఉన్న అలుగు. ఇంటి పనికి, వ్యవసాయానికి చేసిన పనిముట్లకి మినహాయింపు కూడా ఉంది. ఈ చాకు అలుగు మూడున్నర అంగుళాలు కూడా లేదు. అయితే ప్రభుత్వం ప్రత్యేకంగా ప్రకటించిన ప్రాంతాల్లో ఇంకా కఠినంగా ఉండొచ్చు. అది పక్కన పెడితే, జాతరలోనో గొడవ దగ్గరో జేబులోంచి చాకు బయటపడితే కొలతలు ఎవరూ అడగరు. తోటకి వెళ్లేటప్పుడు పెట్టుకో, తిరనాళ్లకి వద్దు. విశాఖలో విమానం ఎక్కితే చెక్-ఇన్ సామానులో వేయాలి, చేతి సంచిలో ఉంటే అక్కడే వదులుకోవాలి.

పలాస కుర్రోడు
అందరికీ థాంక్స్. ఒక మాట ముందే చెప్పాల్సింది. చాకు నాకోసం కాదు, మా నాన్న కోసం. తిత్లీ తుఫానుకి, 2018 అక్టోబరులో, మా తోటలో కొబ్బరి చెట్లు సగానికి పైగా పోయాయి. తర్వాత వేసిన మొక్కల్ని ఆయన పొద్దున్నా సాయంత్రం చూసుకుంటాడు. జీడి అంట్లు కూడా కడతాడు. డెబ్బై దాటింది, బొటనవేళ్ల కీళ్లు పట్టేశాయి. పాత చాకు ఎక్కడో పారేసుకుని ఇప్పుడు షేవింగ్ బ్లేడుతో తంటాలు పడుతున్నాడు.

ఇచ్ఛాపురం అక్క
అయ్యో, ఇది ముందు చెప్పొద్దూ! ఇన్ని మాటలూ గాలికి పోయాయి. ఆ చాకు తెరవాలంటే అలుగు మీది గాడిలో గోరు పెట్టి లాగాలి. రెండు చేతులూ కావాలి. తర్వాత ఆ ఉంగరాన్ని బొటనవేలితోనే తిప్పాలి. నొప్పి ఉన్న వేలితోనా?

కొలిమి పక్కిల్లు
అంటు కట్టడానికైతే అసలే వద్దు. దానికి ఒకవైపే సానపట్టిన చాకు కావాలి, కోత చదునుగా వస్తుంది, పుల్లకీ పుల్లకీ అతుకుతుంది. ఈ నంబర్ 8కి అంచు రెండు పక్కలా సానపట్టి ఉంటుంది. నాన్నగారికి చిన్న కత్తి, మడత లేనిది, తోలు ఒరలో పెట్టి మొలకి కట్టుకునేలా కమ్మరి చేత కొట్టించు. పిడి ఆయన పిడికిలికి సరిపడా లావుగా పెట్టమను. (ఇక్కడ కార్బన్ అంటే అక్క కూడా కాదనరు, గాడి లేదు కదా.)

విజినారం కోట వీధి
నేనూ వెనక్కి తగ్గుతున్నాను. అయినా మనం మాట్లాడుకుని తేల్చడం ఎందుకు? ఆదివారం పని మీద పలాస వస్తున్నాను. స్టేషను దగ్గర కలువు, నా చాకు ఒక గంట ఇస్తాను. నాన్నగారి చేతిలో పెట్టి చూడు.

పలాస కుర్రోడు
చూపించాను. విజినారం అన్నకి దండాలు. గోరుతో లాగబోయి నాన్న వల్ల కాలేదు. బల్ల కిటుకు చెప్తే మంచం కోడుకేసి కొట్టి తెరిచేశాడు, భలే సంబరపడ్డాడు. ఉంగరం మాత్రం తిప్పలేదు. తిప్పు నాన్నా అంటే "జామకాయ కోయడానికి తాళం ఎందుకురా" అన్నాడు. రెండోసారి కూడా అంతే. అప్పుడు నాకు విజినారం అన్న మూడు కుట్లు గుర్తొచ్చాయి.

కమ్మరి దగ్గరికి నాన్నని వెంటబెట్టుకునే వెళ్లాను, పిడికి చెయ్యి కొలత ఇచ్చి వచ్చాం. అంట్లకి ఒకవైపే సానపట్టిన చాకు నర్సరీవాళ్ల ద్వారా చూస్తున్నాను.

నంబర్ 8 స్టెయిన్‌లెస్ కూడా రాత్రే ఆర్డర్ పెట్టేశాను, నాకు. బావకి ఇంకా చెప్పలేదు.