సమస్య: పట్టుపురుగు కట్టెఁ బట్టుచీర

సంచాలకుడు (తిరుపతి): ఇచ్చిన పాదం నాలుగవదిగా వచ్చేట్టు పద్యం పూరించాలి. పురుగు చీర నేసిందంటే మన కవులు సులువుగా తప్పించుకుంటారు గనుక, ఈ వారం ఏకంగా దానిచేత చీర కట్టించాను.

చిత్తూరు మాస్టారు:

ఆకు మేసి దార మందించు నెయ్యది?
పెండ్లినాటి వధువు ప్రీతి నేమి
చేసె? నామె యొడలఁ జెన్నారు నెయ్యది?
పట్టుపురుగు, కట్టెఁ, బట్టుచీర.

కాళహస్తి కవి: ప్రశ్నలు వేసి నాలుగవ పాదంలో జవాబులు పేర్చే క్రమాలంకారం మాస్టారికి ఎప్పటినుండో ఊతకర్ర. అది పోనిస్తాను గాని, ‘వధువు’ తర్వాత ‘ప్రీతి’ రావడంతో ‘వు’ గురువై గణం చెడలేదా?

చిత్తూరు మాస్టారు: సమాసం కాని చోట తర్వాతి పదం మొదట సంయుక్తాక్షరం ఉన్నా ముందరి పదం చివరి లఘువు లఘువుగానే నిలుస్తుందని మీకు నేను చెప్పవలసి రావడం విచారకరం. అయినా, కిందటి సమస్యకు సాలెపురుగును కీటకమని పూరించిన వారు గదా మీరు. కీటకానికి ఆరు కాళ్లే ఉంటాయి, సాలెపురుగుకు ఎనిమిది.

కాళహస్తి కవి: మా ఊరి పేరులో ‘శ్రీ’ అంటే సాలెపురుగు, ‘కాళ’మంటే పాము, ‘హస్తి’ అంటే ఏనుగు. మోక్షమిచ్చేటప్పుడు శివుడు కాళ్లు లెక్కపెట్టలేదు. ఇక నా పూరణ:

మేని సొగసుఁ జూచి మిడిసిపడఁగ నేల?
కాల మొకటి వచ్చుఁ, గదల దొడలు.
ఆపఁగలదె చెపుమ యంతటి వెల గల్గి
పట్టు పురుగు కట్టెఁ బట్టుచీర?

చిత్తూరు మాస్టారు: కట్టెను, అనగా శవాన్ని, పట్టే పురుగును పట్టుచీర ఆపగలదా అన్న అన్వయం మెచ్చదగినదే, ఒక్క అక్షరం కదపకుండా అర్థాన్ని తలకిందులు చేశారు. అయితే రెండవ పాదాన్ని ‘ఒడలు’ అని ఉత్తుతో ముగించి, మూడవదాన్ని అచ్చుతో ఎత్తుకుని, సంధిని దొడ్డిదారిన దాటించారు. వాక్యం అక్కడ ముగిసిందని మీరు వాదిస్తారని తెలుసు.

పలమనేరు సభ్యురాలు:

తనదు నోటి దారఁ దన చుట్టు చుట్టుచుఁ
గోకగాఁ దలంచి కులుకుచుండె;
మరుగు నీళ్ళ గిన్నె మాటయే యెఱుఁగదు
పట్టుపురుగు కట్టెఁ బట్టుచీర.

మా ఇంట మల్బరీ తోట, పురుగుల షెడ్డు ఉన్నాయి గనుక నాకు పదాల విరుపుల అవసరం కలగలేదు. నాలుగు జ్వరాలు, అంటే పొర విడిచే దశలు, దాటి, ఆకు మాని, గూడు అల్లుకునే తట్టకు, అంటే చంద్రికకు, చేరిన పురుగు తలను ఎనిమిది అంకెలా తిప్పుతూ రెండు మూడు రోజుల్లో గూడు ముగిస్తుంది. లోపలి పురుగు రెక్కల చిలుకగా మారి గూటిని తొలుచుకుని బయటపడితే ఒకే పోగుగా దాదాపు 1000 మీటర్లు రావలసిన దారం ముక్కలవుతుంది గనుక, ఆ లోపలే గూళ్లను వేడికి ఆరబెట్టి, తర్వాత మరుగు నీళ్లలో వేసి జిగురు కరిగించి పోగు లాగుతారు. తన చుట్టూ తాను ఎంత శ్రద్ధగా చుట్టుకుంటే అంత ధర పలుకుతుంది.

కాళహస్తి కవి: ‘దారము’ గణానికి ఇమడక ‘దార’గా కత్తిరించినట్టున్నారు, అమ్మా.

పలమనేరు సభ్యురాలు: కత్తిరించలేదండి, అది ధారే. పురుగు నోటి నుండి వెలువడేది ద్రవం. తల తిప్పి లాగుతున్నకొద్దీ అది బిగిసి పోగవుతుంది.

సంచాలకుడు: మనిషి ఊసెత్తకుండానే మనిషిని గూటిలో కూర్చోబెట్టిన ఈ పూరణకే నా ఓటు. మొదటి రెండూ సమస్యను విరిచి గెలిచాయి, ఇది ఇచ్చిన పాదాన్ని ఇచ్చినట్టే నమ్మింది.

చిత్తూరు మాస్టారు: ఒప్పుకుంటాను. కాని ‘మాటయే’లోని ఏకారం కేవలం గణపూరకం; ‘మాట తా నెఱుఁగదు’ అంటే నిండుగా ఉండేది.

పలమనేరు సభ్యురాలు: ‘తా’ కూడా పూరకమే కదా, మాస్టారూ.