పాత సున్నపు గోడలో మొలిచిన రావి మొక్కను వేళ్లతో సహా తొలగించడం ఎలా?

ప్రశ్న (మూలాపేట, నెల్లూరు):
అందరికీ నమస్కారం. మా తాతగారు కట్టించిన ఇంటికి ఇటుక, సున్నంతో కట్టిన గోడలు, టేకు దూలాల మీద వేసిన మద్రాసు టెర్రసు (ఇటుకలు, సున్నంతో వేసిన చదును కప్పు) ఉన్నాయి. పడమటి గోడలో, పిట్టగోడకు కాస్త దిగువన, వాననీటి తూము పక్కనే రావి మొక్క మొలిచింది. ఏటా కూలీలు వచ్చి నరికి వెళ్తున్నా, కార్తీక మాసపు వానలు పడేసరికి నరికిన చోటే మరిన్ని చిగుళ్లు వస్తున్నాయి. ఈ ఏడు లోపలి గదిలో గోడ పూత ఉబ్బి పెచ్చులూడింది. చూస్తే, రెండు ఇటుక వరుసల మధ్య చిటికెన వేలంత లావు వేరు అడ్డంగా పాకి ఉంది. దాని నుంచి నూలుపోగుల్లాంటి పిల్లవేళ్లు సున్నంలోకి దిగాయి. యాసిడ్ పోయమని కొందరు, ఇంగువ పెట్టమని కొందరు అంటున్నారు. రావిని చంపడానికి మా అమ్మగారు ఒప్పుకోవడం లేదు. ఇల్లు నిలవాలన్నదే మా కోరిక. దయచేసి దారి చెప్పండి.

సమాధానం (ఒంగోలు, విశ్రాంత సివిల్ ఇంజనీరు):
యాసిడ్ మాత్రం పోయకండి. అది వేరు కన్నా ముందు సున్నాన్ని కరిగిస్తుంది, అలా గుల్లబారిన చోటికే మళ్లీ నీరు చేరుతుంది. ఉప్పు పోసినా గోడ చెమ్మపట్టి పెచ్చులూడుతుంది. ఇంగువతో వేరు చచ్చిన గోడను నా ఉద్యోగకాలంలో నేను చూడలేదు.

వేరును పట్టి లాగడం ఇంకా ప్రమాదం, ఎందుకంటే అది ఇటుకల సందుల్లోనే లావెక్కి ఉంటుంది కనుక లాగితే ఇటుకలు కదిలిపోతాయి. దాన్ని ఉన్నచోటే చంపి, ఎండిన తరువాత తీయాలి. కాండాన్ని గోడకు దగ్గరగా కోసి, కారే పాలను గుడ్డతో తుడిచి, ఆలస్యం చేయకుండా గ్లైఫోసేట్ అనే కలుపు మందును కోసిన ముఖం మీద, ముఖ్యంగా బెరడు లోపలి అంచున, కుంచెతో పూయించాలి. కోత ఆరిపోతే మందు వేరులోకి దిగదు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం ఈ మందును పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు (చీడపీడల నివారణ పనివారు) మాత్రమే వాడాలి, కాబట్టి అనుమతి ఉన్నవారినే పిలిపించండి. సంక్రాంతి వెళ్లాక, మొక్క ఇంకా పచ్చగా పెరుగుతున్నప్పుడు చేయిస్తే మంచిది. మళ్లీ చిగురు వస్తే మళ్లీ పూయించవలసిందే.

సమాధానం (నెల్లూరు, పాత ఇళ్ల మరమ్మతు పనివారు):
ఇంజనీరు గారు చెప్పినదంతా సరైనదే. వేరు చచ్చాక చేసే పనిలోనే ఎక్కువమంది దెబ్బతింటున్నారు, అందుకే ఇది రాస్తున్నాను. వేరు దూలం చివర దాకా వెళ్లిందేమో ముందుగా చూడండి. వెళ్లి ఉంటే దూలం కింద ఊతకర్రలు పెట్టి బరువు ఆపిన తరువాతే ఇటుక ముట్టుకోవాలి. ఒకేసారి పెద్ద కంత చేయకుండా కొద్దికొద్దిగా ఇటుకలు తీసి, వేరు ముక్కలు ఏరి, వెంటనే పూడ్చుకుంటూ రావాలి.

పూడ్చేటప్పుడు సిమెంటు వాడవద్దు. సున్నపు గోడ చెమ్మను పీల్చి బయటికి వదులుతుంది. సిమెంటు పూత దాన్ని లోపలే బంధిస్తే పక్కనున్న పాత సున్నం పొడిపొడిగా రాలిపోతుంది. గానుగ సున్నం, ఇసుక కలిపి, వీలైతే మన పాత పద్ధతిలో కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు పోసి వాడండి. సున్నం నిదానంగా గట్టిపడుతుంది గనుక తడి గోనెసంచులు కప్పి ఉంచాలి. రోహిణి కార్తె ఎండలు రాకముందే ఈ పని ముగించుకోండి.

అన్నిటికన్నా ముఖ్యం ఆ తూము. మీరు చెప్పిన చోటును బట్టి చూస్తే నీళ్లు గోడ మీదే కారుతున్నట్టుంది. దాన్ని గోడకు దూరంగా పడేలా పొడిగించకపోతే, పిట్టల రెట్టలో వచ్చిన గింజ ఆ చెమ్మలోనే ఇంకోటి మొలుస్తుంది.

సమాధానం (ఒంగోలు, గృహిణి):
అమ్మగారి మనసు కష్టపెట్టకుండా ఒక మార్గం ఉంది. పిట్టగోడ మీద లేత రావి పిలకలు ఉంటే, వాన పడి గోడ నానిన రోజున వేళ్లు తెగకుండా తీసి, మట్టి కుండీలో నాటి, వేళ్లు పట్టాక గుడి వారినడిగి చెరువు కట్ట మీద పెట్టించండి. మా అత్తగారు దీనికే సమ్మతించి, పెద్ద మొక్కకు పసుపు కుంకుమ పెట్టి దణ్ణం పెట్టుకున్నాక కొట్టించడానికి ఒప్పుకున్నారు. ఇకమీదట వానాకాలం వెళ్లగానే పిట్టగోడ చుట్టూ, తూముల దగ్గర ఒకసారి చూసుకోండి. రెండాకుల మొక్క చేత్తోనే వచ్చేస్తుంది.