పంపని మెయిళ్లు తిరిగొస్తున్నాయి, పంపినవి చేరట్లేదు: సొంత డొమైన్‌తో తంటా

నల్లకుంట వాసి:
అందరికీ నమస్తే. ఆరేళ్లుగా మా ఇంటిపేరు మీద డొమైన్ నడుపుతున్నాను. ముంబైలో అద్దె వీపీఎస్ (నెట్‌లో అద్దెకి తీసుకునే సర్వర్), దాని మీద ఉబుంటు, పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సాఫ్ట్‌వేర్. వాడేది ఇంట్లో నలుగురమే. నిన్న రాత్రి పదకొండు నుంచి మెయిలర్ డీమన్ నోటీసులు, అంటే 'మీ మెయిల్ చేరలేదు' అని సర్వర్లు రాసేవి, వచ్చి పడుతున్నాయి. పొద్దున లేచేసరికి 340. అవేవీ మేము పంపినవి కావు. పంపినట్టు చూపిస్తున్న అడ్రసులు కూడా మావి కావు, ఏవో పిచ్చి అక్షరాలు, చివర మాత్రం మా డొమైన్. సర్వర్ హ్యాక్ అయిందేమోనని పాస్‌వర్డ్‌లన్నీ మార్చాను, రీస్టార్ట్ చేశాను. తేడా లేదు. నాన్న పెన్షన్ ఉత్తరాలన్నీ దీని మీదే నడుస్తాయి, ఒకటే టెన్షన్.

కూకట్‌పల్లి కుర్రాడు:
మెయిలర్ డీమన్ పేరుతో వచ్చేవన్నీ నేరుగా ట్రాష్‌కి పోయేలా ఫిల్టర్ పెట్టెయ్ అన్నా. నేనదే చేశా, హాయిగా ఉంది.

మల్కాజిగిరి మేస్త్రీ:
తమ్ముడూ, ఆ హాయి ఎన్నాళ్లో ఉండదు. రేపు నువ్వు నిజంగా పంపినది చేరకపోతే ఆ కబురు కూడా ట్రాష్‌కే పోతుంది.

నల్లకుంట గారూ, కంగారు పడకండి. ఎవడో స్పామర్ కవరు మీద ఫ్రమ్ అడ్రస్‌గా మీ ఇంటిది రాసి ఊరంతా పంచాడు. చేరనివన్నీ మీ గుమ్మంలో పడుతున్నాయి. దీన్ని బ్యాక్‌స్కాటర్ అంటారు. మెయిళ్లు నడిచే పద్ధతి, 1982 నాటి ఎస్ఎంటీపీలో, ఫ్రమ్ అడ్రస్ నిజమో కాదో చూసే ఏర్పాటే లేదు, తర్వాత వచ్చినవన్నీ దాని మీద వేసిన అతుకులే.

అయినా నా మాట నమ్మేయకండి, తేల్చుకోండి. ఒక నోటీసు తెరిచి కిందికి వెళ్తే తిరిగొచ్చిన అసలు మెయిల్ హెడర్లు ఉంటాయి. అందులో రిసీవ్డ్ లైన్లు (దారిలో ప్రతి సర్వర్ వేసే ముద్రలు) చూడండి, అన్నిటికంటే పైది చివరగా పడినది. వాటిలో మీ వీపీఎస్ ఐపీ ఉందా? తర్వాత మెసేజ్ ఐడీని కాపీ చేసి మీ మెయిల్ లాగ్‌లో వెతకండి. దొరకకపోతే అది మీ సర్వర్ దాటి వెళ్లలేదు. దొరికి, పక్కన లాగిన్ పేరు కూడా కనిపిస్తే మాత్రం ఆ పేరున్నవాళ్ల పాస్‌వర్డ్ పోయినట్టే. మీరు పాస్‌వర్డ్‌లు మార్చింది మంచిదే, కానీ రోగం తెలియకుండా మందు వేసుకున్నట్టు.

నల్లకుంట వాసి:
చూశాను సార్. పది నోటీసులు తీసి వెతికాను, ఒక్క ఐడీ కూడా లాగ్‌లో లేదు. ప్రాణం లేచొచ్చింది. కానీ ఇంకా వెళ్లని మెయిళ్లు చూపించే మెయిల్‌క్యూ కమాండ్ ఇస్తే ఇంకో వింత. మా సర్వరే మెయిలర్ డీమన్ పేరుతో ముక్కూమొహం తెలియని వాళ్లకి ఉత్తరాలు రాస్తోంది! అరవై దాకా క్యూలో ఇరుక్కుని ఉన్నాయి.

మల్కాజిగిరి మేస్త్రీ:
క్యాచ్‌ఆల్, అంటే మీ డొమైన్‌లో ఏ పేరుకి వచ్చినా తీసుకునే ఏర్పాటు, పెట్టారా? అది జీమెయిల్‌కి ఫార్వర్డ్ అవుతుందా?

నల్లకుంట వాసి:
రెండూ అవును. మొదట్లో పేరు తప్పు రాసినా అందాలని పెట్టాను.

మల్కాజిగిరి మేస్త్రీ:
అదీ సంగతి. వేరే సర్వర్లు మీకు చేస్తున్న పనే మీ సర్వర్ ఇంకొకడికి చేస్తోంది. లేని పేరుకి స్పామ్ వస్తుంది. మీ సర్వర్ 'సరే' అని తీసుకుంటుంది. జీమెయిల్‌కి పంపితే వాళ్లు వద్దంటారు. ఒకసారి తీసుకున్నాక బాధ్యత మీది కాబట్టి పంపినవాడికి నోటీసు రాస్తుంది. ఆ పంపినవాడి అడ్రసే దొంగది. ఇలాగే నడిస్తే మీ ఐపీ బ్లాక్‌లిస్టుల్లోకి ఎక్కుతుంది.

క్యాచ్‌ఆల్ తీసేయండి. నలుగురి పేర్లు, ఫిర్యాదులు వచ్చే పోస్ట్‌మాస్టర్, అబ్యూజ్, అంతే. లేని పేరుకి వస్తే గుమ్మం దగ్గరే 550 5.1.1 (ఆ పేరుగలవాళ్లు లేరు) అని చెప్పి పంపేస్తుంది, లోపలికి రానివ్వదు. ఆ దొంగ నోటీసుల్లో చాలా భాగం కూడా అక్కడే ఆగిపోతుంది. ఫార్వర్డ్ మానేసి, జీమెయిల్ బదులు ఫోన్‌లో ఐమాప్‌తో నేరుగా మీ బాక్సే తెరుచుకోండి. క్యూలోవి పోస్ట్‌సూపర్ కమాండ్‌తో ఐడీ చూసి తీయండి. 'అన్నీ' అని ఇచ్చారంటే అసలువి కూడా పోతాయి, నేనోసారి అలాగే చేసుకున్నాను.

ఖాళీ సెండర్‌తో (పంపినవాడి అడ్రస్ లేకుండా) వచ్చే మెయిళ్లన్నీ ఆపేయమని కొందరు చెప్తారు. వినకండి. నోటీసులు వచ్చేదే ఖాళీ సెండర్‌తో, నోటీసుకి నోటీసు వెళ్లి గిరగిరా తిరగకుండా అలా పెట్టారు.

ఇక మీ డొమైన్ పేరుతో ఏ సర్వర్లు పంపొచ్చో చెప్పే జాబితా, ఎస్‌పీఎఫ్ రికార్డ్, దాని చివర ఏముంది?

నల్లకుంట వాసి:
టిల్డా ఆల్ (జాబితాలో లేనివాటిని అనుమానించమని). డీకిమ్ (మెయిల్ మీద డిజిటల్ సంతకం) ఉంది. డీమార్క్ (ఆ రెండూ సరిపోకపోతే ఏం చేయాలో చెప్పేది) లేదు.

మల్కాజిగిరి మేస్త్రీ:
మెయిల్ వెళ్లేది ఆ ఒక్క సర్వర్ నుంచే అయితే మైనస్ ఆల్ (లేనివాటిని ఒప్పుకోవద్దని) చేయండి. డీమార్క్ మొదట 'నన్' (ఏమీ చేయొద్దు) పెట్టి రెండు వారాలు రిపోర్టులు చూడండి, తర్వాత క్వారంటీన్ (స్పామ్‌లో వేయి), ఆ తర్వాత రిజెక్ట్ (తిప్పికొట్టు). ఇవి చూసే సర్వర్లు దొంగ మెయిల్‌ని తలుపు దగ్గరే తిప్పేస్తాయి, మీకు నోటీసు రాయాల్సిన పనే పడదు. చూడనివాళ్లు ఇంకా కొంత పంపుతారు. ఈ వాన నాలుగు రోజుల్లో తగ్గుతుంది, స్పామర్ ఇంకో డొమైన్ పట్టుకుంటాడు.

నల్లకుంట వాసి:
క్యాచ్‌ఆల్ తీసేశాను, దాదాపు ఆగిపోయాయి. కానీ పాత నోటీసులు చూస్తుంటే ఒకటి నిజమైనది దొరికింది! మొన్న నాన్న బాబాయికి పంపింది. 550 5.7.25 అని ఉంది. వారం క్రితం అదే అడ్రస్‌కి వెళ్లింది మరి. బాబాయి జవాబివ్వలేదని నాన్న మూడు రోజులుగా అలిగి ఉన్నారు.

రామంతపూర్ రూట్:
ఇది నేను పడ్డదే. ఆ నంబర్ జీమెయిల్ ఇచ్చేది, మీ ఐపీకి పీటీఆర్ రికార్డ్ (ఆ ఐపీ ఏ పేరుదో చెప్పేది) లేదని. పాత రకం ఐపీ అడ్రస్ ఐపీవీ4కి పెట్టి ఉంటారు, కొత్త రకం ఐపీవీ6కి మర్చిపోయుంటారు. పోస్ట్‌ఫిక్స్ మామూలుగా రెండిట్లో ఏది చేతికొస్తే దానితో పోతుంది. అందుకే ఒకసారి చేరుతుంది, ఒకసారి తిరిగొస్తుంది. ఎస్‌పీఎఫ్‌లో ఐపీవీ6 అడ్రస్ ఉందో లేదో కూడా చూసుకోండి. పీటీఆర్ పెట్టేది డొమైన్ కొన్నచోట కాదు, వీపీఎస్ వాళ్ల ప్యానెల్‌లో. అంత ఓపిక లేకపోతే ఇనెట్ ప్రోటోకాల్స్ సెట్టింగ్‌ని ఐపీవీ4 అని మార్చి పోస్ట్‌ఫిక్స్ రీస్టార్ట్ చేయండి. నేను రెండోదే చేశాను, సిగ్గేం లేదు.

కూకట్‌పల్లి కుర్రాడు:
సార్, నాది ఇంట్లోనే, ఫైబర్ కనెక్షన్ మీద చిన్న బోర్డ్‌లో నడుస్తోంది. 451 అని వస్తే మళ్లీ పంపాలా?

మల్కాజిగిరి మేస్త్రీ:
4తో మొదలైతే 'తర్వాత రా' అని అర్థం, 5 అయితే 'ఇక రాకు'. 451కి మీ సర్వరే మళ్లీమళ్లీ వెళ్తుంది, పోస్ట్‌ఫిక్స్ మామూలుగా 5 రోజులు ప్రయత్నిస్తుంది. మీరు మళ్లీ పంపితే అవతల రెండు కాపీలు చేరతాయి. ఇంటి కనెక్షన్ అంటే సర్వర్ల మధ్య మెయిల్ వెళ్లే 25 పోర్టు మూసి ఉండొచ్చు, ఐపీ మారుతుంటుంది, పీటీఆర్ మన చేతిలో ఉండదు. బయటికి వెళ్లేవి ఏదైనా రిలే (మన తరఫున మెయిల్ పంపిపెట్టే సర్వర్) ద్వారా 587 పోర్టు మీద పంపించు. ముందు ఆ ట్రాష్ ఫిల్టర్ తీసెయ్.

కూకట్‌పల్లి కుర్రాడు:
తీశాను. ట్రాష్‌లో నావే పదకొండు నోటీసులు ఉన్నాయి. ఒకటి ఇంటర్వ్యూకి ఒప్పుకుంటూ నేను రాసిన జవాబు.

నల్లకుంట వాసి:
పీటీఆర్ పెట్టాను, ఎస్‌పీఎఫ్‌లో ఐపీవీ6 చేర్చాను. నాన్న మెయిల్ బాబాయికి అందింది. డీమార్క్ రిపోర్ట్ ఏదో జిప్ ఫైల్‌లో వచ్చింది, తెరవచ్చా?

మల్కాజిగిరి మేస్త్రీ:
తెరవండి, లోపల ఎక్స్ఎంఎల్ ఉంటుంది. వాటికి వేరే మెయిల్‌బాక్స్ పెట్టుకోండి, రోజూ వస్తాయి. మీది కాని ఐపీలు కనిపిస్తే భయపడకండి, చాలావరకు అవి ఆ దొంగలవే.