ఆయిల్‌లో నీరు, పడిపోయిన ప్రెషర్: ముందు హెడ్ దించాలా, కూలర్ విప్పాలా?

విశాఖ బోటు యజమాని:
మా మరబోటులో ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజిన్ ఉంది. వేట నిషేధానికి ముందు చేసిన చివరి వేటలో, ఎప్పుడూ 4 కిలోల (చదరపు సెంటీమీటరుకు) దగ్గర నిలిచే ఆయిల్ ప్రెషర్ 2 కిలోలకు దిగింది. ఇంజిన్ వేడెక్కి ఐడిలింగ్‌లో ఉన్నప్పుడు ముల్లు 1 కిందికి పోయింది. రేవుకు చేరిన మర్నాడు డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ మట్టం వేలెడు పెరిగి, పాలు కలిపిన టీ రంగులో ఉంది. హెడ్ (సిలిండర్ల పై మూత) గాస్కెట్ పోయిందని, హెడ్ దించి లైనర్లు (సిలిండర్ల లోపలి గొట్టాలు) కూడా లాగాలని ఒక మెకానిక్ గారు అంటున్నారు. ఆయిల్‌ను నీటితో చల్లబరిచే ఆయిల్ కూలర్ తప్ప మరేదీ ముట్టవద్దని ఇంకొకరు అంటున్నారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు చేతిలో ఉన్నాయి కనుక తొందర లేదు, అయితే డబ్బు మాత్రం ఒక్కసారే పెట్టగలను.

కాకినాడ పాత డ్రైవర్:
నీరు కలిసిన ఆయిల్‌తో ఇంజిన్ ఎన్ని గంటలు తిరిగిందో సరంగు గారికి గాని, మీకు గాని తెలియదు. ఆ నీటితో ముందు దెబ్బతినేవి బేరింగులు. నిషేధ కాలంలో విప్పని ఇంజిన్‌ను నడిసముద్రంలో విప్పుకోవలసి వచ్చిన బోట్లను నేను చూశాను. హెడ్, సంపు (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) రెండూ దించి, లైనర్ ఓ రింగులు, గాస్కెట్లు, బేరింగులు ఒకేసారి మార్చించుకోండి.

విశ్రాంత నౌకా ఇంజినీరు:
డ్రైవర్ గారి భయం న్యాయమైనదే కాని, కారణం తెలియకుండా విప్పడం మంచిది కాదని నా అభిప్రాయం. హెడ్ దించితే పాత గాస్కెట్ ఎలాగూ పాడైనట్టే కనిపిస్తుంది. కారణం దొరికిందనుకుని కొత్తది వేస్తారు, కూలర్‌లో చిల్లు ఉంటే అది అలాగే మిగిలిపోతుంది. ముందు తేల్చవలసింది లోపలికి వచ్చింది ఏ నీరన్నది. ఇంజిన్‌ను రాత్రంతా కదలనీయకుండా ఉంచి, ఉదయం సంపు డ్రెయిన్ బోల్టును నెమ్మదిగా వదులు చేస్తే, బరువైన నీరు ఆయిల్ కంటే ముందు వస్తుంది. ఆ నీటిలో సిల్వర్ నైట్రేట్ చుక్కలు వేస్తే, సముద్రపు నీరైతే పెరుగులా తెల్లగా విరిగిపోతుంది. తీరప్రాంతపు బావి నీటిలో కూడా కొంత ఉప్పు ఉంటుంది కాబట్టి, హీట్ ఎక్స్ఛేంజర్ (ఇంజిన్‌లో తిరిగే మంచినీటిని సముద్రపు నీటితో చల్లబరిచేది) ట్యాంకులోని నీటితో పక్కపక్కన పోల్చి చూడాలి. నాలుకతో రుచి చూడకండి, కూలెంట్ విషం. మీ ఇంజిన్‌లో ఆయిల్ కూలర్‌కు వెళ్ళేది సముద్రపు నీరా, మంచినీరా?

విశాఖ బోటు యజమాని:
సముద్రపు నీరే ముందు ఆయిల్ కూలర్ గుండా వెళ్ళి, తరువాత హీట్ ఎక్స్ఛేంజర్‌కు చేరుతుంది.

విశ్రాంత నౌకా ఇంజినీరు:
అయితే ఇంకొక పరీక్ష పైసా ఖర్చు లేకుండా చేయవచ్చు. ఇంజిన్ నడిచేటప్పుడు ఆయిల్ ఒత్తిడి నీటి ఒత్తిడి కంటే చాలా ఎక్కువగా ఉంటుంది కాబట్టి, కూలర్ ట్యూబు పగిలితే ఆయిల్ నీటిలోకి పోయి, బయటికి పడే నీటిపై జిడ్డు తేలుతుంది. ఇంజిన్ ఆగాక ఆయిల్ ఒత్తిడి సున్నాకు వస్తుంది, నీటి మట్టానికి కింద ఉన్న కూలర్‌లోకి సముద్రం తనంతట తానే నెడుతుంది. మీరు వేటలో ఉన్నప్పుడు కాకుండా ఉదయం మట్టం పెరిగి ఉండటం చూశారంటే నాకు దీనిపైనే అనుమానం. ఒక రాత్రి సీ కాక్ (సముద్రపు నీరు లోపలికి వచ్చే వాల్వ్) మూసి, మరొక రాత్రి తెరిచి, రెండు ఉదయాల్లోనూ డిప్‌స్టిక్ చూడండి. ఈలోగా ఇంజిన్ స్టార్ట్ చేయవద్దు. సిలిండర్‌లో నీరు నిలిచి ఉంటే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. నాజిళ్ళు తీసి, క్రాంక్‌ను చేత్తో తిప్పి చూసిన తరువాతే సెల్ఫ్ కొట్టాలి.

కాకినాడ పాత డ్రైవర్:
సముద్రపు నీటి పంపులో రబ్బరు ఇంపెల్లర్ ఉంటుంది. ఆగిన పంపు దాటి నీరు ఎలా వస్తుంది? పైగా చల్లని ఇంజిన్‌పై ఒడ్డున చేసే పరీక్షకు దొరకని సన్నని పగులు, నాలుగు గంటలు లోడు మీద నడిచి వేడెక్కాకే తెరుచుకుంటుంది. రెండు మూడుసార్లు నేనే అలా మోసపోయాను.

విశ్రాంత నౌకా ఇంజినీరు:
రెండో మాట ఒప్పుకుంటున్నాను, ఒడ్డు పరీక్షల్లో అసలైన లోటు అదే. అందుకే కూలర్‌ను విప్పి, నీటి వైపు దారులు తెరిచే ఉంచి, బాగా వేడి నీటి డ్రమ్ములో ముంచి, ఆయిల్ వైపు 5 కిలోల గాలి ఎక్కిస్తే వేడికి తెరుచుకునే పగులు కూడా బుడగలు వదులుతుంది. ఇంపెల్లర్ విషయానికి వస్తే, అరిగిన రెక్కలు ఒక రాత్రిలో ఊరే నీటిని పూర్తిగా ఆపలేవు. ఆ పంపు షాఫ్టు సీళ్ళ మధ్య ఉండే చిన్న కారుడు రంధ్రం రంగుతో గాని, ఉప్పుతో గాని మూసుకుపోయినా నీరు టైమింగ్ కేసులోకి (ఇంజిన్ ముందున్న గేర్ల పెట్టెలోకి) చేరగలదు, అది కూడా చూడాలి.

నిజాంపట్నం ఎలక్ట్రీషియన్:
ప్రెషర్ గేజి మాట ఎవరూ ఎత్తలేదు. ఉప్పుగాలికి సెండర్ (ప్రెషర్‌ను గేజికి తెలిపే సెన్సర్) వైరు తుప్పు పట్టి తప్పుడు రీడింగ్ చూపడం మా పనిలో మామూలే. మెకానికల్ గేజి బిగించి, అసలు ప్రెషర్ ఎంతో ముందు తెలుసుకోండి.

విశాఖ బోటు యజమాని:
అందరూ చెప్పినవి చేశాను. సీ కాక్ మూసిన రాత్రి మట్టం కదలలేదు, తెరిచిన రాత్రి పెరిగింది. డ్రెయిన్ చేస్తే సుమారు లీటరున్నర నీరు ముందు వచ్చింది, సిల్వర్ నైట్రేట్‌తో అది చిక్కగా తెల్లబడింది, ట్యాంకు నీరు కాస్త మసకబారిందంతే. చల్లని నీటిలో ఒక్క బుడగా రాని కూలర్, బాగా వేడి నీటిలో రెండు ట్యూబుల దగ్గర వదిలింది. కొత్త కూలర్ వేసి, ఆయిల్, ఫిల్టర్ రెండుసార్లు మార్చి, నాజిళ్ళు తీసి క్రాంక్ తిప్పి చూసిన తరువాతే నడిపాను. ఆయిల్ శుభ్రంగానే ఉంది. అయితే మెకానికల్ గేజి మీద కూడా, వేడి మీద 3 కిలోలు దాటడం లేదు.

విశ్రాంత నౌకా ఇంజినీరు:
కొత్త ఆయిల్‌తో 4 రావాలని నేను ఆశించాను, రాలేదు. రిలీఫ్ వాల్వ్ (ఎక్కువైన ఆయిల్ ప్రెషర్‌ను వదిలేసే వాల్వ్) ఇరుక్కుందేమో చూసి, సంపులోని జల్లెడ శుభ్రం చేయించండి. ఆ రెండూ సరిగ్గా ఉంటే ఉప్పునీరు బేరింగులను తినేసిందన్న డ్రైవర్ గారి మాటే నిలుస్తుంది.

కాకినాడ పాత డ్రైవర్:
జల్లెడ కోసం సంపు ఎలాగూ దించాలి కదా. దించినప్పుడు క్రాంక్‌ను మోసే ఒక్క మెయిన్ బేరింగు, కనెక్టింగ్ రాడ్ కింది చివర ఉండే ఒక్క బిగ్ ఎండ్ బేరింగు మూత విప్పి చూడండి. హెడ్ జోలికి పోవద్దని ఇప్పుడు నేనూ అంటాను.