చిక్కబడిన నెయిల్ పాలిష్‌ని మళ్లీ దారికి తెచ్చేదెలా?

నాకు గాఢమైన రంగులంటే పిచ్చి. కళ్లకు నెమలికంఠం రంగు ఐషాడో, పెదాలకు ముదురు మెరూన్, గోళ్లకు నియాన్ ఆకుపచ్చ. "ఏంటీ వేషం" అన్నా పట్టించుకోను. టెన్షనల్లా నెయిల్ పాలిష్‌లతోనే. పాత సీసాల్లో కొన్ని జీడిపాకంలా సాగుతున్నాయి, బ్రష్ ఎత్తితే తీగలు తీగలుగా వస్తోంది. అసిటోన్ రిమూవర్ కలిపితే పాలిష్ పాడవుతుందని తెలుసు, ఆ పని చేయను. ఇథైల్ అసిటేట్, బ్యూటైల్ అసిటేట్ ఉండే థిన్నర్ (పాలిష్‌ని పల్చబరిచే ద్రవం) కొన్నాను. సగం సీసాకి ఎన్ని చుక్కలు వేయాలి? అడుగున పేరుకున్న గ్లిటర్ కూడా కలుస్తుందా?

ఇంకోటి, ముదురు నీలం తీసేశాక గోళ్ల అంచుల్లో మరక ఉండిపోతోంది. రంగు కంటే ముందు అడుగున వేసే బేస్ కోట్ రెండుసార్లు వేస్తే ఆగుతుందా? పారేయమని మాత్రం చెప్పకండి, ఆ షేడ్లు ఇప్పుడు దొరకవు.